జైల్లో రిహార్సల్ రోజూ జరగాలి

గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా అని చూపించే గది ముందు ఇప్పటికీ జనం చేతులు జోడిస్తారు. నిజామాబాద్ జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో రాసిన పద్యాలను తెలంగాణ గర్వంగా చెప్పుకుంటుంది. భక్తుడో ఉద్యమకారుడో చెరలో గొంతెత్తితే మనకది చరిత్ర. అదే చర్లపల్లిలోనో రాజమహేంద్రవరంలోనో చోరీ కేసులో ఉన్న కుర్రాడికి డప్పు నేర్పిస్తామంటే, "తప్పు చేసినోడికి పాటలొకటా?" అంటాం.

కోర్టు విధించే శిక్ష స్వేచ్ఛను తీసేసుకోవడం. మనిషిని మొద్దుబార్చడం అందులో భాగం కాదు. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక మోసం కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇదే చెప్పారు. నేరస్థుణ్ణి భయపెట్టడం కంటే బాగుచేయడం మీదే న్యాయస్థానాల దృష్టి ఉండాలని ఆ తీర్పులో రాశారు. దాదాపు యాభై ఏళ్ళు కావస్తోంది. మన జైళ్ళలో కళ మాత్రం ఇప్పటికీ ఆగస్టు 15కీ, గాంధీ జయంతికీ అధికారుల ముందు పాడించే రెండు దేశభక్తి గీతాల దగ్గరే ఎక్కువగా ఆగిపోతోంది. అతిథులు వెళ్ళిపోగానే తబలా మళ్ళీ స్టోర్ రూమ్‌కి చేరుతుంది.

కోల్‌కతాలో ఒకసారి దీన్ని వేరేలా చేసి చూపించారు. 2007లో మహిళా దినోత్సవానికి ప్రెసిడెన్సీ జైలుకు అతిథిగా వెళ్ళిన నాట్యకారిణి అలకనందా రాయ్ అక్కడితో ఆగలేదు. అప్పటి జైళ్ళ శాఖ ఉన్నతాధికారి బి.డి. శర్మ తోడ్పాటుతో ఖైదీలకు నాట్యం నేర్పడం మొదలుపెట్టారు. డ్యాన్స్ ఆడవాళ్ళ పని అని సిగ్గుపడే మగవాళ్ళను ముందు యుద్ధవిద్యల అడుగులతో, జానపద లయలతో దారిలోకి తెచ్చారు. కొన్నాళ్ళకు ఆ ఖైదీలు ఆమెను 'మా' అని పిలవసాగారు. తర్వాత ఆమె ఎంచుకున్నది ఠాగూర్ 1881లో రాసిన గేయనాటకం 'వాల్మీకి ప్రతిభ'. బలివ్వడానికి పట్టి తెచ్చిన పసిపిల్ల ఏడుపు విని దొంగల నాయకుడు కరిగిపోయి, చివరికి కవి అయ్యే కథ. వాల్మీకి వేషం కట్టిన నైజెల్ అక్కారా అప్పటికి నేర ప్రపంచంలో పేరున్న మనిషి. విడుదలయ్యాక ఇళ్ళూ ఆఫీసులూ శుభ్రం చేసే సంస్థ పెట్టి, జైలు నుంచి బయటికొచ్చిన వాళ్ళకు పని ఇచ్చారు. సినిమాల్లో నటించారు. ఖైదీల బృందం జైలు దాటి వేరే నగరాల్లోనూ ప్రదర్శనలిచ్చింది.

ఈ కథ విన్నవాళ్ళకు ప్రదర్శన గుర్తుంటుంది. నాకు మాత్రం దాని వెనకున్న నెలల తరబడి రిహార్సలే అసలు పని అనిపిస్తుంది. మన చెక్కభజననే చూడండి. గురువు ఒక చరణం అందిస్తాడు, వలయంలో ఉన్నవాళ్ళంతా తిరిగి అందుకుంటారు. చెక్కలు ఒకే దెబ్బగా మోగాలి, అడుగు ముందుకీ వెనక్కీ ఒకేసారి పడాలి. ఒక్కడు అర క్షణం ఆలస్యమైతే పక్కవాడి భుజం తగులుతుంది, వరుస చెదురుతుంది, మళ్ళీ మొదటికి. ఇక్కడ పక్కవాడు ఎవరు? వేరే బారక్ వాడు కావచ్చు, నిన్న అన్నం లైన్లో తోసినవాడు కావచ్చు. భుజం తగిలితే చెయ్యి లేపడమే అలవాటైన మనిషి, ఆ పూట తన అడుగు సరిచూసుకోవాలి. కౌన్సెలింగ్ క్లాసులో చెప్తే ఎక్కని సంగతి ఇక్కడ కాళ్ళకు వస్తుంది. కానీ రోజూ చేస్తేనే వస్తుంది.

ఈ పని ఎవరి కోసం అన్నది ఇంకా పెద్ద చిక్కు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్నది 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. శిక్ష పడినవాళ్ళకు మగ్గమో బేకరీయో వడ్రంగమో ఏదో ఒక పని ఉంటుంది. రిమాండ్ ఖైదీకి పని తప్పనిసరి కాదు కాబట్టి రోజంతా ఖాళీ. ములాఖత్ కోసం, వాయిదా కోసం ఎదురుచూడటం, మధ్యలో పాత ఖైదీల దగ్గర కొత్త విద్యలు నేర్చుకోవడం. కళ అవసరం ఎక్కువున్నది వీళ్ళకే. కానీ ఆరు నెలల నాటకం వీళ్ళకు పనికిరాదు. రెండో నెలలో హీరోకి బెయిలొస్తే నాటకం ఆగిపోతుంది (బెయిల్ రావడం అందరూ కోరుకోవలసిందే). అందుకే ఎవరు ఎప్పుడు చేరినా, ఎప్పుడు వెళ్ళినా సాగే బృందగానం, చెక్కభజన, డప్పు లాంటివి ముందుండాలి. నాటకం దీర్ఘశిక్ష పడినవాళ్ళకు ఉంచవచ్చు.

భద్రత మాటేమిటని జైలు సిబ్బంది అడిగే ప్రశ్న న్యాయమైనదే. గిటారు తీగ, కోలాటం కర్ర బారక్‌లోకి వెళ్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. వాయిద్యాలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటే ఆ భయం చాలావరకు తీరుతుంది. వర్క్‌షాపుల్లో ఉలి, రంపం అలాగే వాడుతున్నారు కదా.

అధికారి బదిలీ అయితే ఏమవుతుందన్నదే నా అసలు భయం. కాలిఫోర్నియాలో 1980లో ప్రభుత్వమే జైళ్ళలో కళల కార్యక్రమం పెట్టింది. ఏళ్ళ తరబడి మంచి పేరు తెచ్చుకుంది. బడ్జెట్ కష్టాలు రాగానే 2003లో నిధులు ఆగిపోయి, 2010 నాటికి కార్యక్రమం మూతపడింది. తిరిగి 2014లో మొదలై, 2017 నాటికి ఆ రాష్ట్ర జైళ్ళన్నిటికీ విస్తరించింది. ఇలాంటి కార్యక్రమాల వల్ల మళ్ళీ నేరం చేసేవాళ్ళు ఇంత శాతం తగ్గారని చెప్పే లెక్కలను నేను జాగ్రత్తగానే చదువుతాను. తమంతట తాము చేరినవాళ్ళు మొదటి నుంచే మారాలనుకున్నవాళ్ళు కావచ్చు. అయినా పద్దు ఉంటే బతికింది, పద్దు పోతే ఆగింది అన్న విషయంలో సందేహం లేదు. హైదరాబాద్‌లో ఖైదీలు నడిపే పెట్రోల్ బంకులు అధికారులు మారినా నడుస్తున్నాయి. వాటికి ఖాతా, జీతం, డ్యూటీ చార్టు ఉన్నాయి. పాటకూ అవి కావాలి.

బాధితుల సంగతి వదిలేయడానికి వీల్లేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఆ కేసులో ముద్దాయి టీవీలో పాడుతుంటే చూడవలసి రావడం క్రూరత్వం. ఇక్కడ నేను ఆమె పక్షమే. ఖైదీల ప్రదర్శనను కెమెరాల పండగ చేయడం మానాలి. బయట ప్రదర్శనకు టికెట్ పెడితే ఆ డబ్బులో కొంత బాధిత కుటుంబాలకు వెళ్ళాలి. లోపల రోజూ జరిగే సాధనకు మాత్రం ఎవరి కెమెరా అక్కర్లేదు.

నేర్పేవాళ్ళకు కొదవ లేదు. కార్యక్రమాలు తగ్గిపోయిన బుర్రకథ బృందాలు, ఒగ్గు కళాకారులు, చిందు భాగవతులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు గంటలు, నెలకింత అని గౌరవ వేతనం జైలు బడ్జెట్‌లో రాసి వాళ్ళను పిలవాలి. మహిళా జైళ్ళను అన్నిటికంటే ముందు తీసుకోవాలి. అక్కడ ఆరేళ్ళ లోపు పిల్లలు తల్లులతో పాటే లోపల పెరుగుతున్నారు. ఆ పిల్లలకు తప్పెట చప్పుడు, పదిమంది కలిసి పాడే పాట వినిపించడానికి ఏ కోర్టు అనుమతీ అవసరం లేదు.