పెంటకుప్పను వెంటనే రద్దు చేయాలి

ఊళ్ళల్లో మిగిలిన పెంటకుప్పలను ఈ వానాకాలం లోపే రద్దు చేయాలని ప్రభుత్వానికి నా విన్నపం. నర్సంపేట దిక్కు మా ఊరికి పోయినప్పుడల్లా బర్రెల కొట్టం వెనక ఆ గుట్ట కనబడి తల కొట్టేసినట్టవుతోంది. పైన పెచ్చు కట్టిన పేడ, కింద కొట్టం ఊడ్పు, బూడిద, బర్రె తినగా మిగిలిన గడ్డి. పార దించితే ఆవిరి లేస్తుంది. లోపల దాదాపు 60 డిగ్రీలు, చెయ్యి పెడితే ఆగదు. ఈ కాలంలో ఇంత పొగరున్న చెత్త మనకు అవసరమా?

పట్నంలో హ్యూమిక్ ఆమ్లం సీసా ఉంది, భూమికి బలమని అమ్మే నల్లరసం. నేను యూరియాకు పోతే దుకాణదారు బస్తాకు జతగా లీటరు హ్యూమిక్ కూడా చేతిలో పెట్టాడు. "ఇది తీసుకుంటెనే అది అన్నా. భూమికి బలం, కార్బన్ పెరుగుతది" అన్నాడు. అంత ప్రేమగా చెప్తే ఎలా కాదంటాం?

ఇంటికొచ్చి లెక్క చూశాను. ఎకరంలో అర అడుగు లోతు మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. సేంద్రియ కర్బనం (దుకాణదారు చెప్పిన కార్బన్ ఇదే) 0.5 శాతం దాటకపోతే మట్టి పరీక్షలో 'తక్కువ' అని రాస్తారు. ఆ అత్తెసరు మార్కుకే నాలుగున్నర టన్నుల కర్బనం కావాలి. నా 12 శాతం సీసాలో ఉన్న హ్యూమిక్ మొత్తం 120 గ్రాములు. పెళ్ళి వంటకు ఒక ఆవగింజ తాలింపు. వేరుకు కొంత హుషారు ఇస్తుందేమో, కాదనను. సీసాలోది చాలావరకు లిగ్నైట్ బొగ్గును పొటాష్ క్షారంలో కరగదీసిన రసమే.

కుప్పకున్న అసలు జబ్బు నిదానం. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 60, 80 పాళ్ళ కర్బనం ఉంటుంది. పేడతో కలిసి మాగితే అది 20 లోపుకు దిగాలి. మొదట్లో తేలికైన ఫల్విక్ ఆమ్లం రకం ఎక్కువ, నెలలు గడిచేకొద్దీ బరువైన హ్యూమిక్ వాటా పెరుగుతుంది. మాగాక తొలకరి వాసన వస్తుంది. అంతవరకూ ఎవరు ఆగుతారు? హార్వెస్టర్ వదిలిన గడ్డికి అగ్గిపుల్ల గీస్తే సాయంత్రానికి పొలం శుభ్రం. అదే గడ్డిని మాగనివ్వకుండా నేలలో కలిపి దున్నితే, సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే మింగి నారును పసుపు పచ్చ చేస్తాయి. రెంటికీ మధ్య పేడ అనే మూడో దారి ఉందని మా బాపు (నాన్న) అంటాడు. బాపు పాత మనిషి.

శాస్త్రం కూడా నా పక్షమే. 1786లో అషార్డ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పీట్ మట్టిని (బురదనేలల్లో పేరుకున్న మొక్కల కుళ్ళును) క్షారంలో నానబెట్టి నల్లరసం తీశాడు. దానికి ఆమ్లం కలిపితే అడుక్కి దిగినదాన్ని తర్వాతివాళ్ళు హ్యూమిక్ అన్నారు, దిగనిదాన్ని ఫల్విక్ అన్నారు. దేనికీ కరగకుండా మట్టిలోనే ఉండిపోయింది హ్యూమిన్. (మా ఊళ్ళో ఇట్లాంటివాళ్ళు ముగ్గురున్నారు.) 2015లో లేమన్, క్లెబర్ అనే మట్టి శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఇంకో మాట రాశారు: అసలు ఈ ఆమ్లాలు నేలలో విడిగా లేవు, క్షారం పోస్తేనే పుడతాయి, నేలలో ఉన్నవి బంకమట్టిని పట్టుకుని కుళ్ళుతున్న జీవ శేషాలు అని. నేలలో లేదు, సీసాలో ఉంది. ఇంకేం కావాలి?

ఆ బంకమట్టే మా చల్కలో (ఎర్ర ఇసుక నేలలో) కరువు. ఎరువు వేసినా మన ఎండకు సగానికి పైగా గాలిలో కలుస్తుంది, నిలవడానికి పట్టు ఉండదు. మిషన్ కాకతీయలో ట్రాక్టర్ల కొద్దీ చెరువు మట్టి తోలుకున్నవాళ్ళకు ఆ పట్టు దొరికింది. ఊరికే వచ్చింది కాబట్టి నేను నమ్మలేదు.

సీసా సంగతా? బాపు మూత తీసి వాసన చూసి, "డికాషన్ లెక్కున్నది" అన్నాడు. కొట్టం వెనక్కి పోయి మొత్తం పెంటకుప్ప మీద ఒంపి వచ్చాడు.

"దాని చుట్టాలింటికి తోలిన," అన్నాడు.