బాకీ ఉన్న ఒక్క గంట గారికి

మహారాజశ్రీ ఒక్క గంట గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. పెద్దదానికి రెండేళ్ళు నిండి రెండు నెలలు. చిన్నోడికి ఏడు వారాలు. మా ఆయనా నేనూ కూడా క్షేమమే, ఎవరు అడిగినా అలాగే చెప్తున్నాం. మీ క్షేమ సమాచారాలే బొత్తిగా తెలియడం లేదు.

ఇద్దరు పిల్లలూ ఒకేసారి నిద్రపోయే గంట మీరే కదా. మీరు ఉన్నారని నేనేమీ ఊహించుకుని రాయడం లేదు, నా దగ్గర లెక్క ఉంది. మూడు నెలల్లోపు బిడ్డకి రోజుకి 14 నుంచి 17 గంటల నిద్ర కావాలని నిపుణులు చెప్తారు. రెండేళ్ళ పిల్లకి 11 నుంచి 14. నాకు అత్యాశ లేదు, రెండిట్లోనూ తక్కువదే తీసుకుందాం. 14కి 11 కలిపితే 25. రోజుకి ఉన్నవి 24. అంటే వీళ్ళిద్దరూ ఎంత పట్టుదలగా వంతులేసుకుని మేలుకున్నా, రోజుకి కనీసం ఒక గంట ఇద్దరి నిద్రా కలిసి తీరాలి. రాత్రి మూడింటికి చిన్నోడిని భుజాన వేసుకుని తిరుగుతూ కట్టాను ఈ లెక్క. మళ్ళీ ఒకసారి సరిచూస్తే 26 వచ్చింది. అది నిద్ర లేక వచ్చిన గంటేమోనని వదిలేశాను.

మరి మీరు ఎక్కడండీ?

అసలు రావడమే లేదని అభాండం వేయను. వస్తున్నారు, చిల్లరగా. ఏడు నిమిషాలు ఒకసారి, పన్నెండు నిమిషాలు ఒకసారి, తెల్లవారుజామున ఒక పావుగంట. అన్నీ కూడితే గంట అవుతుందని మీరు వాదించొచ్చు. చిరిగిన చీర ముక్కలన్నీ కూడినా ఆరు గజాలే అవుతాయి, కట్టుకోగలమా?

తప్పంతా మీదే అనను. చిన్నోడి సంగతే చూడండి. ఈ వయసు పిల్లలు కళ్ళు మూయగానే ముందు కలత నిద్రలోకే జారుతారట. వాడు ఆ నిద్రలోనే మూలుగుతాడు, ముడుచుకుంటాడు, ఎవరితోనో ఆస్తి తగాదా ఉన్నట్టు మొహం పెడతాడు. గాఢనిద్ర పట్టడానికి 20 నిమిషాలైనా పడుతుంది. పట్టిందో లేదో చూడాలంటే చెయ్యి కొంచెం ఎత్తి వదలాలి, మెత్తగా వాలిపోతే పట్టినట్టు. నేనూ ఎత్తి వదిలాను, వాలింది. ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా వంగాను. నా మోకాళ్ళు చేసిన చప్పుడుకి కూడా లేవలేదు. తీరా వీపు పరుపుకి తగిలీ తగలగానే, ఎవరో మేడ మీద నుంచి తోసేసినట్టు రెండు చేతులూ బార్లా చాపి ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటు ఇంకో రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుందట. అప్పటిదాకా నా నడుము ఉండాలి. బోర్లా పడుకోబెడితే ఇంత ఉలికిపాటు ఉండదు గానీ అది ప్రమాదం, ఆ మాటే ఎత్తకూడదు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ దుప్పటీ ఏమీ లేకుండా పడుకోబెట్టాలి. వాడికి ఏది నచ్చదో ఏరి ఏరి దాన్నే నియమంగా పెట్టినట్టుంది. నేను నియమం తప్పను. వాడు ఏడుపు మానడు.

ఇక పెద్దది. మొన్నమొన్నటి వరకు మధ్యాహ్నం గంటన్నర హాయిగా పడుకునేది. తమ్ముడొచ్చాక, తను నిద్రపోతే ఇంట్లో ఏదో జరిగిపోతుందని అనుమానం పట్టుకుంది. జరిగేది ఏముంది, డైపర్ మార్చడమే. రోజుకి 8, ఒక్కోసారి 10. అన్నిటికీ ఆవిడ హాజరు పడాలి. తనకీ ఒకటి వెయ్యమంటుంది, పోయిన నెలే మానేసింది కూడా. ‘తమ్ముడు బజ్జున్నాడు, మెల్లగా మాట్లాడాలి’ అని నేర్పాను. నేర్చుకుంది. వాడి చెవి దగ్గర నోరు పెట్టి, “అమ్మా, తమ్ముడు బజ్జున్నాడూ!” అని కేకేసి నాకు చెప్పింది. కోప్పడడానికి కూడా లేదు. చెప్పింది నిజమే, చెప్పేదాకా.

చిన్నోడికి రోజుకి 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. పాలిచ్చేటప్పుడు అమ్మ కుర్చీలోంచి లేవలేదన్న రహస్యం పెద్దదానికి మూడో రోజుకే తెలిసిపోయింది. కొన్ని బొమ్మలు విడిగా ఒక బుట్టలో దాచి, పాల టైములో మాత్రమే ఇవ్వమని ఎవరో చెప్పారు. మంచి సలహానే, నాలుగు రోజులు పనిచేసింది. ఐదో రోజు బుట్ట బోర్లించి, దాని మీద ఎక్కి, డైపర్ క్రీము అందుకుని తలకి పట్టించింది. కుర్చీలోంచే ‘వద్దు, వద్దమ్మా, వద్దు’ అని మూడు రకాల గొంతులతో అన్నాను. ఆ క్రీము నీళ్ళకి పోదని ఆ సాయంత్రమే తెలిసింది. తడి అంటకుండా కాపలా కాయడమే కదా దాని ఉద్యోగం. మన ఇంట్లో ఉద్యోగం సక్రమంగా చేస్తున్నది అదొక్కటే అన్నారు మా ఆయన. ఆయనతో ఆ పూట మాట్లాడలేదు.

అన్నట్టు, మీరు ఒకసారి నిజంగానే వచ్చారు. కారులో. ఇద్దరూ వెనక సీట్లలో, తలలు చెరో పక్కకీ వాల్చి, ఎంత ముచ్చటగా పడుకున్నారో. ఇల్లొచ్చింది. పిల్లల్ని కారులో వదిలి వెళ్ళేది లేదు. చిన్నోడిని ఆ సీట్లోనే ఎక్కువసేపు పడుకోనివ్వనూకూడదు, మెడ ముందుకి వాలితే ఊపిరికి అడ్డం. ఎత్తితే లేస్తాడు, వాడు లేస్తే అది లేస్తుంది. సీటు బెల్టు తీస్తే వచ్చే ఆ ‘టిక్’ శబ్దాన్ని తలుచుకుని కదలకుండా కూర్చున్నాను. ఫోన్‌లో చార్జింగ్ లేదు. బాత్రూమ్‌కి వెళ్ళాలి. నాలుగు నిమిషాలు అలా మీతో గడిపాను. ఆ నాలుగు నిమిషాలూ నేను మీ గురించి మాత్రం ఆలోచించలేదు.

ఇంకోసారి, పోయిన మంగళవారం, ఇంటికే వచ్చారు. మధ్యాహ్నం 1:40. చిన్నోడు వాడి మంచంలో, పెద్దది దాని మంచంలో. నమ్మలేక గడియారం చూశాను. ‘బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో’ అని చూసిన ప్రతి ఒక్కరూ చెప్పి వెళ్ళారు. (ఏ బిడ్డ అన్నది ఒక్కరూ చెప్పలేదు.) సరే, పడుకుందామా, స్నానం చేద్దామా, సీసాలు కడుగుదామా, కుప్పలో చిన్నోడి రెండో మేజోడు వెతుకుదామా అని గది మధ్యలో నిలబడి ఆరు నిమిషాలు ఆలోచించాను. పడుకోవడమే నెగ్గింది. పడుకున్నాను. కళ్ళు మూశాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మరీ నిశ్శబ్దంగా ఉంది.

పసిపిల్లలు నిద్రలో ఐదు నుంచి పది సెకన్లు ఊపిరి ఆపి, తర్వాత గబగబా తీసుకుంటారు, అది మామూలే అని డాక్టరమ్మ చెప్పారు. తెలుసు నాకు. తెలిసీ లేచాను, మునివేళ్ళ మీద వెళ్ళాను. పొట్ట కదలడం లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. చల్లటి వేలు. వాడు కళ్ళు తెరిచి, ‘నువ్వా’ అన్నట్టు చూసి, ఆ తర్వాత నోరు తెరిచాడు. పక్క గదిలోంచి “తమ్ముడు లేచాడూ!” అని వినిపించింది. 1:52.

కాబట్టి ఆ రోజు బాకీలో 12 నిమిషాలు ముట్టినట్టు రాసుకోండి. మిగతా 48 నిమిషాలకి పూచీ నాదే, ఒప్పుకుంటున్నాను.

మీ ముందు ముందు రాకపోకలు కూడా లెక్క కట్టాను. చిన్నోడు పగలు ఒక్క నిద్రకి దిగేది ఏడాదిన్నర దరిదాపుల్లోనట. అప్పటికి పెద్దదానికి మూడున్నర. పిల్లలు పగటి నిద్ర మానేసేదేమో మూడుకీ ఐదుకీ మధ్యనట. అంటే ఇద్దరూ రోజుకి ఒక్కసారి, అదీ ఒకే మధ్యాహ్నం పూట పడుకునే కాలం ఉంటే కొన్ని నెలలు ఉండొచ్చు, లేకపోతే మీరు మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ మానేసి ఉండొచ్చు. ఆ నెలలు ఏవో ముందే తెలిస్తే ఎవరినీ ఇంటికి పిలవకుండా ఉంటాను. వచ్చేటప్పుడు మాత్రం బెల్ కొట్టకండి, దాని మీద స్టిక్కర్ అంటించి ఉంటుంది.

ఇట్లు,
తమ రాక కోసం ఎదురుచూసే,
ఎడమ భుజాన పాల మరక గల ఆవిడ.

తా.క. ఈ కాగితం మీద అడ్డంగా ఉన్న ఊదారంగు గీతలు పెద్దదానివి. మధ్యాహ్నం రెండింటికి గీసింది.