డ్రాకులాని వదిలేసి డాక్టరుని పట్టుకోండి

బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ 1897లో అచ్చయింది. ఆనాటి నుంచీ జనం పాపం ఆ నవల్లోని పిశాచం డ్రాకులా కౌంటు గారినే ఆడిపోసుకుంటున్నారు. నెత్తురు తాగాడు, కాదనను. కానీ ఆయన వ్యవహారంలో వంకెక్కడుంది? లండన్ దగ్గర బంగళా కొనడానికి లాయరు ఆఫీసు నుంచి మనిషిని పిలిపించుకున్నాడు, కాగితాలన్నీ పక్కాగా రాయించాడు, పరాయి దేశపు భాషా, చట్టాలూ, రైళ్ల టైంటేబులూ కంఠతా పట్టాడు. ఇంట్లో నౌకర్లు లేకపోతే అతిథికి స్వయంగా పక్క వేశాడు. అంతటి జమీందారు!

విచారణ వేయాల్సింది ఆయన్ని వేటాడిన డాక్టరు వాన్ హెల్సింగ్ గారి మీద.

కౌంటు రాత్రిపూట వచ్చి నెత్తురు తాగిపోతున్న లూసీ కేసే చూడండి. రోజురోజుకీ పాలిపోతున్న ఆ పిల్లకి పది పన్నెండు రోజుల్లో నలుగురు మగవాళ్ల నెత్తురు ఎక్కించారు. కాబోయే మొగుడు ఆర్థర్, పెళ్లాడతామంటే ఆమె కాదన్న సెవార్డు, క్విన్సీ, మధ్యలో డాక్టరు గారే. గ్రూపు చూశారా అంటే, అసలు నెత్తురులో గ్రూపులున్నాయని లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త ప్రకటించిందే 1901లో. ఈయన చూసిందల్లా ఇచ్చేవాడు వయసులో ఉన్నాడా, కండ ఉందా అని. ఆర్థర్ నెత్తురు ఎంత స్వచ్ఛమైనదో పరీక్ష లేకుండానే తేల్చేశారు. తీసుకెళ్లిన వాడు ఒకడు, ఎక్కించిన వాళ్లు నలుగురు. పిల్ల ఎవరివల్ల పోయిందో నాకైతే నమ్మకంగా తెలియదు.

అంత్యక్రియలయ్యాక ఆర్థర్, నా నెత్తురు ఆమెలో కలిసింది గనక మాకు పెళ్లయిపోయినట్టే అని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. మిగతా ముగ్గురూ నోరు మెదపరు. ఆ లెక్కన లూసీ ద్రౌపదికి ఒక్క మొగుడు తక్కువ! డాక్టరు గారు బండెక్కి తలుపేసుకున్నాక పగలబడి నవ్వారు.

ఇక పిశాచాన్ని దూరం పెట్టే వెల్లుల్లి సంగతి. హాలండు నుంచి పూలు తెప్పించి గది నిండా పరిచి, కిటికీలకు రుద్దారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. తల్లికి గుండెజబ్బు కదా, ఆవిడకి అసలే చెప్పకూడదట. ఆ మహాతల్లి రాత్రి వచ్చి చూసి, ఈ కంపేమిటని పూలన్నీ తీసేసి కిటికీ కాస్త తెరిచింది. “వాటిని ముట్టుకోకండమ్మా” అనే ఒక్క ముక్కకి గుండె ఆగిపోయేదా?

సరే, బుద్ధొచ్చిందా? కౌంటు పిలిపించుకున్న ఆ లాయరు ఆఫీసు మనిషి భార్య మీనా విషయంలోనూ అదే తంతు. అందరి డైరీలూ, ఫోనోగ్రాఫు మైనపు గొట్టాల మీద సెవార్డు చెప్పుకున్న సొదతో సహా, టైపు కొట్టి తేదీలవారీగా పేర్చిపెట్టింది ఆవిడ. ఆ పని పూర్తవగానే, ఆడవాళ్లకి ఇలాంటివి పడవు, వెళ్లి పడుకోమన్నారు. మగాళ్లంతా లాంతర్లు పట్టుకుని పక్కనున్న కౌంటు కొంపలో ఎలకల మధ్య తిరుగుతుంటే, కౌంటు ఇవతల మీనా గదిలో ఉన్నాడు. తెల్లారి ఆవిడ పాలిపోయి కనిపిస్తే అలసట అనుకున్నారు. లూసీ పోయి అప్పటికి నెలన్నా కాలేదు.

కౌంటు ఏ నది మీదుగా పారిపోతున్నాడో చివరికి పటం ముందేసుకుని తేల్చింది కూడా మీనాయే. తర్వాత ఆవిడకి కొడుకు పుడితే, ఈ వీరులందరి పేర్లూ కలిపి వాడికి పెట్టారు.