కామ్రేడ్ ‘అనారోగ్య కారణాలు’ గారికి

విప్లవాభివందనాలు.

చిన్ గాంగ్ కేసులో తమకు జరిగిన అవమానం మాకే మింగుడు పడలేదు, తమకెలా ఉందో! 2023 జులైలో చైనా విదేశాంగ మంత్రిగా ఉన్న ఆయన జకార్తా సమావేశానికి ఎందుకు రావట్లేదని అడిగితే, మంత్రిత్వ శాఖ ప్రతినిధి మీ పేరే చెప్పాడు. తీరా ఆనాటి ప్రశ్నోత్తరాలు వెబ్‌సైట్లో పెట్టేసరికి ఆ ముక్క మాయం. జల్లెడ పట్టినా మీ జాడ లేదు. 25న మంత్రి పదవీ పోయింది. ఎందుకో చెప్పిన నాథుడు లేడు. ఇంత సీనియారిటీ ఉన్న మీకా ఈ గతి!

ఏమాటకామాటే. అసలు మీమీద మా కోపం 1964 నాటిది.

ఆ అక్టోబరు 12న నల్లసముద్ర తీరాన పిట్సుందాలో సెలవుల్లో ఉన్న సోవియట్ అధినేత క్రుశ్చేవ్, కక్ష్యలో ఉన్న ‘వస్ఖోద్’ నౌక వ్యోమగాములతో కులాసాగా ఫోన్లో మాట్లాడాడు. అదే రోజు మాస్కో నుంచి ఇంకో ఫోను: వ్యవసాయం మీద అత్యవసర చర్చ, వెంటనే రండి. 13న విమానం దిగితే స్వాగతం చెప్పడానికి వచ్చింది కేజీబీ అధిపతి సెమిచాస్ట్నీ. ప్రెసీడియంలో (పొలిట్‌బ్యూరోకి అప్పటి పేరు) రెండు రోజులు ఏకిపారేశారు: క్యూబా క్షిపణుల గొడవ, వ్యవసాయం, పార్టీ కమిటీలను రెండుగా చీల్చడం, అల్లుడు అజుబేయ్ పెత్తనం. 14న ప్లీనంలో (పార్టీ కేంద్ర కమిటీ సమావేశం) అగ్రనేత సుస్లోవ్ నేరాల చిట్టా చదివాడు. చర్చ లేదు, ముద్దాయికి నోరు విప్పే వీలూ లేదు. ఇంత జరిగాక 16న పార్టీ పత్రిక ప్రావ్దాలో వచ్చిందేమిటంటే: వయసు మీరింది, ఆరోగ్యం క్షీణించింది, కాబట్టి ఆయన కోరిక మన్నించారట!

ఆ ‘రోగి’ వయసు 70. కూరగాయల మడులు తవ్వుకుంటూ, టేపు రికార్డరు ముందు కూర్చుని జ్ఞాపకాలు చెప్పుకుంటూ మరో ఏడేళ్లు బతికాడు. పోయాక ప్రావ్దా ఓ మూల రెండు ముక్కలు వేసి చేతులు దులుపుకుంది.

సరే, వయసే అర్హత అనుకుందాం. మరి ఆయన్ని పంపించి గద్దెనెక్కిన బ్రెజ్నెవ్ 75 దాటి, మాట తడబడుతున్నా కుర్చీలోనే ఉన్నాడే, అప్పుడు తమరెక్కడున్నారు? ఆ తర్వాతి అధినేత, మూత్రపిండాలు చెడి డయాలసిస్ మీదున్న ఆంద్రొపోవ్ 1983 నవంబరు 7 కవాతుకు రాకపోతే ‘జలుబు’ అన్నారు. మూడు నెలల్లో పోయాడు. ఆయన వారసుడు, ఊపిరాడని చెర్నెంకో చేత 1985 ఫిబ్రవరిలో పోలింగ్ కేంద్రంలా ముస్తాబు చేసిన గదిలో కెమెరా ముందు ఓటు వేయించారు. మార్చి 10న కన్నుమూశాడు. ఆ జులైలోనే కొత్త అధినేత గోర్బచేవ్ ప్రత్యర్థి రొమానోవ్ మీ పుణ్యాన రిటైరయ్యాడు, 62 ఏళ్లకే. ఆయన 2008 దాకా గుండ్రాయిలా ఉన్నాడు. కాటికి కాళ్లు చాపుకున్నవాడికి జలుబూ, నిక్షేపంలా ఉన్నవాడికి మీరూనా? ఇదేం వైద్యమండీ?

మీ పని వైద్యం కాదని తెలుసులెండి. క్రుశ్చేవ్ తప్పులు అచ్చేస్తే, పదేళ్లు ఆయన పక్కన నిలబడి చప్పట్లు కొట్టిన చేతులెవరివో కూడా అచ్చేయాలి. ఆ చేతులను దాచడానికే మీరు. 1957లో క్రుశ్చేవ్‌ను దించబోయిన మొలటోవ్, మలెంకోవ్, కగనోవిచ్‌లను ‘పార్టీ వ్యతిరేక ముఠా’ అని పేపర్లో పేరుపెట్టి తిట్టి మరీ పంపారు. తిట్టయినా నయం. మీది పొమ్మనకుండా పొగబెట్టడం, పైగా ‘తనే కోరుకున్నాడు’ అని బాధితుడి నోట్లో మాట కుక్కడం. సిగ్గులేని పని.

1991 ఆగస్టు 19న, గోర్బచేవ్ మీద కుట్ర జరిగిన రోజు మాత్రం మీ పరువు గంగలో కలిసింది. క్రిమియాలోని ఫోరోస్‌లో నిక్షేపంలా ఉన్న ఆయనకు ఒంట్లో బాగోలేదని ప్రకటించిన ఉపాధ్యక్షుడు యనాయెవ్ చేతులు టీవీలో వణికాయి. కుట్రలో ఉన్న ప్రధాని పావ్లోవ్ బీపీ అంటూ మంచమెక్కాడు. వెళ్లాల్సిన చిరునామా అదీ!

తూర్పు జర్మనీ అధినేత హోనెకర్ విషయంలో మాత్రం మీకో దండం. 1971లో ఆయన వర్గం బ్రెజ్నెవ్‌కు రహస్య లేఖ రాసి అప్పటి అధినేత ఉల్బ్రిహ్ట్‌ను సాగనంపింది. 1989 అక్టోబరులో హోనెకర్‌కూ అదే మర్యాద జరిగింది. తన ఉద్వాసనకు తానే చెయ్యెత్తి, రాజీనామాలో మీ పేరు రాశాడు. సగం అబద్ధంగా వెళ్లిన మీరు 1993 జనవరిలో కాలేయ క్యాన్సరై తిరిగొచ్చి, బెర్లిన్ కోర్టు బోను నుంచి ఆయన్ని విడిపించారు. పార్టీ ఆఫీసులో కుదరని నిజం, బూర్జువా కోర్టులో చెప్పారు.

ఇట్లు,
తమ సర్వీసు రికార్డు చదివిన ఒక పాఠకుడు