ఇంటిపేరే అర్హతా?

హెచ్‌1బీ వీసా రుసుమును లక్ష డాలర్లకు పెంచుతూ 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు వెలువరించినప్పటి నుంచి తెలుగు లోగిళ్లలో గుబులు వీడలేదు. అక్కడి సామాజిక మాధ్యమాల్లో భారతీయులపై వెళ్లగక్కుతున్న జాతి విద్వేషాన్ని చూసి మనవారు రగిలిపోతున్నారు. చదువునూ నైపుణ్యాన్నీ పక్కనపెట్టి, ఒంటి రంగు చూసి, పేరు చూసి మనిషిని తూచడం అన్యాయమని ఎలుగెత్తుతున్నారు. ఆ ఆగ్రహం నూరుపాళ్లూ న్యాయమైనది. కానీ అమెరికాలో మన పిల్లలకు జరగరాదని మనం కోరుకుంటున్నదే హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో సాటి తెలుగు బిడ్డలకు నిత్యం జరుగుతోంది. దానిపై ఈ ఆగ్రహంలో పదో వంతైనా కనిపించకపోవడం దారుణమైన ద్వంద్వ నీతి.

పేరు ఒక్కటే కొలువును ఎలా శాసిస్తుందో అమెరికా ఆర్థికవేత్తలు ఏనాడో లెక్కకట్టి చూపారు. మరియన్ బెర్ట్రాండ్, తమిళనాట పుట్టిన సెంథిల్ ములైనాథన్ కలిసి బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత దరఖాస్తులు పంపారు. సగం దరఖాస్తుల మీద ఎమిలీ, గ్రెగ్ వంటి తెల్లజాతివారి పేర్లు, మిగిలిన సగం మీద లకీషా, జమాల్ వంటి నల్లజాతివారి పేర్లు రాశారు. అర్హతల్లో తేడా లేకున్నా తెల్లపేరుకు పది దరఖాస్తులకు ఒక పిలుపు వస్తే, నల్లపేరుకు పదిహేను పంపితే గానీ రాలేదు. తెల్లపేరు ఎనిమిదేళ్ల అదనపు అనుభవంతో సమానమని 2004లో అచ్చయిన ఆ అధ్యయనం తేల్చింది. టొరంటోలో జరిపి 2011లో ప్రచురించిన మరో పరిశోధన మనకు ఇంకా దగ్గరిది. అందులో ఆంగ్ల పేర్లకు వచ్చిన పిలుపులు భారతీయ, పాకిస్థానీ, చైనా పేర్లకు వచ్చినవాటికంటే దాదాపు 40 శాతం ఎక్కువ. కెనడాలోనే చదివి, కెనడాలోనే పనిచేసినట్లు రాసిన దరఖాస్తులు సైతం ఆ వివక్షను తప్పించుకోలేకపోయాయి. ఇలాంటి అంకెలు బయటపడినప్పుడల్లా ప్రవాసులూ, ఇక్కడి వారి బంధువులూ ఒక్కగొంతుతో ఖండిస్తారు.

మరి మన ఇంట్లో జరిపిన పరీక్ష ఏం చెప్పింది? సుఖదేవ్ థోరట్, పాల్ అటీవెల్ 2005 అక్టోబరు మొదలు 66 వారాలపాటు ఆంగ్ల దినపత్రికల్లో ప్రైవేటు సంస్థలు ఇచ్చిన 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. ఒకే రకం డిగ్రీలు, ఒకే స్థాయి అనుభవం. పేర్లు మాత్రం అగ్రవర్ణ హిందువులవి, దళితులవి, ముస్లింలవి. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే పిలుపు అందే అవకాశం దళిత పేరుకు మూడింట రెండు వంతులే ఉంది; ముస్లిం పేరుకైతే మూడో వంతుకు పడిపోయింది. ఈ ఫలితాలు 2007లోనే అచ్చయ్యాయి. థోరట్ అప్పటికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షుడు కనుక, ఎవరో అనామకుడి ఆరోపణగా దీన్ని తోసిపుచ్చే వీలు ఎవరికీ లేదు. అయినా ఏ ప్రభుత్వమూ కదల్లేదు, ఏ పరిశ్రమ సంఘమూ సంజాయిషీ ఇవ్వలేదు. అమెరికా అధ్యయనాన్ని మన బిజినెస్ స్కూళ్లలో పాఠంగా చెప్పుకొంటాం. మన అధ్యయనాన్ని మరుగున పడేశాం.

తెలుగునాట ఈ వివక్షను కనిపెట్టడానికి కల్పిత దరఖాస్తులు కూడా అక్కర్లేదు. ఎన్నో చిన్న, మధ్యతరహా సంస్థల బయోడేటా ఫారాల్లో నేటికీ తండ్రి పేరు, తండ్రి వృత్తి, స్వగ్రామం, మతం అనే గడులు చదువు గడికంటే ముందే ఉంటాయి. అకౌంట్స్ పనికి వచ్చిన అభ్యర్థి తండ్రి ఏ పని చేస్తే యజమానికేం? ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న టాలీ వచ్చా, జీఎస్టీ రిటర్నులు వేయగలవా అన్నది కాదు. 'ఇంటిపేరు ఏమిటి బాబూ?' అంటారు. దాంతో తేలకపోతే 'ఏ ఊరు?' అంటారు. అప్పటికీ అంతుపట్టకపోతే 'ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?' అని ఆరా తీస్తారు. ఆ మూడో ప్రశ్నకు అర్థమేమిటో అడిగేవారికీ తెలుసు, గొంతు తడారిపోతూ జవాబు చెప్పే కుర్రవాడికీ తెలుసు. యేసుపాదం, దేవదానం అన్న పేర్లున్నవారికి ఆ ప్రశ్నలు ఎదుర్కొనే అవకాశమూ దక్కదు. పేరు చూడగానే కాగితం పక్కకు పోతుంది. హైదరాబాద్ పాతబస్తీ చిరునామా ఉన్న యువతి పట్టా ఎంత మెరుగైనదైనా చదివే ఓపిక కొందరికి ఉండదు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకుని, చిరునామాకు బంధువుల ఇల్లు రాసుకుని, తమను తాము దాచుకుంటే తప్ప లోపలికి అడుగు పెట్టలేమని చదువుకున్న పిల్లలు నిర్ణయించుకునే దుస్థితి ఈ గడ్డకు సిగ్గుచేటు.

ప్రతిభ తప్ప తమకు మరేదీ పట్టదని పరిశ్రమ వర్గాలు అంటున్నాయి. ఢిల్లీ ప్రాంతంలో జరిపి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సాఫ్ట్‌వేర్ కొలువుల్లో కుల వివక్ష కనిపించలేదన్న మాటా నిజమే. ఆ అధ్యయనమే కాల్‌సెంటర్ కొలువుల్లో అగ్రవర్ణాలకు మొగ్గు ఉన్నట్లు చూపింది. సాఫ్ట్‌వేర్‌లో సాధ్యమైనది మిగతాచోట్ల ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్నకు పరిశ్రమే బదులివ్వాలి. అమెరికాలో 108 పెద్ద కంపెనీలకు దాదాపు 83,000 దరఖాస్తులు పంపి 2022లో వెలువరించిన పరిశోధన సైతం ఇదే చెబుతోంది: జాతి వివక్షలో ఇంచుమించు సగం వాటా అయిదో వంతు కంపెనీలదే. అంటే పేరు చూడకుండా మనుషుల్ని తీసుకోవడం చేతనైన సంస్థలు ఎన్నో ఉన్నాయి. తక్కినవాటికి ఆ బుద్ధి పుట్టడం లేదు, పుట్టించే చట్టమూ ఇక్కడ లేదు.

అసలు లోపం అక్కడే ఉంది. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతి, రంగు, మతం, స్త్రీపురుష భేదం, జాతీయ మూలం ఆధారంగా ఉద్యోగం నిరాకరించడాన్ని ప్రైవేటు యజమానికి సైతం నిషేధించింది. వివక్ష పోలేదు, కానీ నష్టపోయినవాడు కోర్టు మెట్లెక్కి యజమానిని నిలదీయగలడు. మన రాజ్యాంగం 16వ అధికరణ ప్రసాదించిన సమానావకాశం ప్రభుత్వ ఉద్యోగాల గడప దాటదు. అంటరానితనం పాటిస్తూ కొలువుకు అడ్డుపడటాన్ని 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నేరంగా పరిగణిస్తున్న మాట వాస్తవమే గానీ, అది క్రిమినల్ చట్టం. నేరం రుజువు కావాలి. రాని పిలుపుకు సాక్షి ఎవరు? చించేసిన కాగితానికి పంచనామా ఎక్కడ? ముస్లింలకూ బీసీలకూ ఆ చట్టం అండ కూడా లేదు.

నాలుగు కార్మిక స్మృతులను చరిత్రాత్మక సంస్కరణలుగా చాటుతూ కేంద్రం 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చింది. వాటిలోని వేతన స్మృతి నియామకాల్లో స్త్రీపురుష వివక్ష కూడదని శాసించి, కులం, మతం ఊసెత్తకుండా ఊరుకుంది. ప్రైవేటు యజమాని విచక్షణలో ప్రభుత్వం వేలుపెట్టరాదన్న సాకు ఇక్కడ చెల్లదు. హెచ్ఐవీ బాధితులకు ఉద్యోగం నిరాకరించరాదని 2017లో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వివక్ష తగదని 2019లో పార్లమెంటే చట్టాలు చేసి ప్రైవేటు సంస్థలనూ కట్టడి చేసింది. పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో చట్టం చేసినప్పుడు యజమాని స్వేచ్ఛ ఎవరికీ అడ్డురాలేదు. స్థానికత కోసం తెరుచుకున్న తలుపు కులం పేరెత్తగానే మూసుకుపోవడాన్ని ద్వంద్వ నీతి అనక మరేమనాలి? సమానావకాశాల సంఘం వేయాలని, ముస్లింల స్థితిగతులపై కేంద్రం నియమించిన సచార్ కమిటీ 2006లోనే కోరింది. ఎంపీ శశి థరూర్ రూపొందించిన వివక్ష నిరోధక ప్రైవేటు సభ్యుడి బిల్లు చట్టం కాకుండానే ముగిసిపోయింది. ఆనాటి పాలకపక్షం, ఈనాటి పాలకపక్షం అన్న తేడా ఈ నిర్లక్ష్యానికి లేదు.

ఆలస్యం చేసినకొద్దీ ఈ జాడ్యం యంత్రాల్లోకి పాకుతుంది. దరఖాస్తులను మనిషికంటే ముందు కృత్రిమ మేధ వడపోసే రోజులొచ్చాయి. ఒక అంతర్జాతీయ దిగ్గజ సంస్థ తయారు చేయించిన నియామక సాఫ్ట్‌వేర్, పాత దరఖాస్తుల నుంచి నేర్చుకుని, మహిళల కళాశాల అన్న మాట కనిపిస్తేనే మార్కులు తగ్గిస్తోందని 2018లో వెల్లడైంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దరఖాస్తుల వడపోతలో 2024లో పరీక్షించిన కృత్రిమ మేధ భాషా నమూనాలు 85 శాతం సందర్భాల్లో తెల్లజాతి పేర్ల వైపే మొగ్గాయి. మన సంస్థల పాత నియామకాల చిట్టా చదివి నేర్చుకునే యంత్రానికి ఏ ఇంటిపేర్లు ముద్దు, ఏ ఇంటిపేర్లు చేదు అన్నది వేరే చెప్పాలా? మనిషి అడిగితే ప్రశ్న చెవిన పడుతుంది. యంత్రం అడిగిన సంగతే అభ్యర్థికి తెలియదు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన అగత్యం లేదు. విశాఖలో ఐటీ దిగ్గజాలకు ఎకరా 99 పైసలకు కట్టబెట్టిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రాయితీలతో పరిశ్రమలను రప్పిస్తున్న తెలంగాణ ప్రభుత్వం ఆ ఒప్పందాల్లోనే షరతు రాయవచ్చు: మొదటి వడపోతలో అభ్యర్థి పేరు, తండ్రి పేరు, ఊరు, మతం కనిపించరాదు, వడపోత యంత్రానిదైతే దాన్ని ఏటా స్వతంత్రంగా పరీక్షించాలి, కార్మిక శాఖే థోరట్ పద్ధతిలో కల్పిత దరఖాస్తులు పంపి, తప్పుచేసిన సంస్థల పేర్లు బయటపెట్టి, రాయితీ వెనక్కి తీసుకోవాలి. ప్రజల భూమి తీసుకునేవారిని ప్రజలందరి బిడ్డలనూ ఒకే కంటితో చూడమనడం గొంతెమ్మ కోరిక కాదు. కులగణనతో తెలంగాణ సామాజిక న్యాయానికి దారి చూపిందని చెప్పుకొంటున్న పాలకులు, ఆ లెక్కలు హైటెక్ సిటీ గేటు దగ్గరే ఆగిపోతుంటే ఎందుకు మిన్నకున్నారో జవాబు చెప్పాలి.

పరిశ్రమ సంఘాలకు ఆ షరతులు వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. సభ్య సంస్థల దరఖాస్తు ఫారాల్లోంచి మతం గడినీ తండ్రి వృత్తి గడినీ తొలగించమని ఒక్క సర్క్యులర్ పంపడానికి చట్టం అక్కర్లేదు, ఖర్చూ లేదు. అమెరికాలో తమ ఉద్యోగుల పట్ల న్యాయం కోసం వాషింగ్టన్ దాకా వెళ్లి వినతులు ఇచ్చే ఈ పెద్దలు, తమ కార్యాలయంలో ఇంటిపేరు ఆరా తీసే అధికారి చేత ఆ ప్రశ్న మాన్పించలేరా? ముందు ఆ పని చేయండి. ఆ తరువాతే అమెరికాను నిలదీయండి.