సక్సైవామన్ గోడలో లేని సందు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సందు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు అసలు లేరని తెలిసి చాలా సంతోషించాం.

లేనివాళ్ళకి ఉత్తరమేమిటని మీరు అడగొచ్చు. మా వైపు లేనివాళ్ళకే ఎక్కువ రాస్తాం లెండి. మా దరఖాస్తుల్లో సగం సీట్లో లేని ఆఫీసరు గారికే పోతాయి. పైగా స్పెయిన్ వాళ్ళు రాకముందు పెరూ దేశాన్ని ఏలిన ఇంకాలు కట్టిన సక్సైవామన్ కోటలో రాయికీ రాయికీ మధ్య కాగితం కూడా దూరదంటారు. ఆ దేశంలో మీ అంత పేరున్న శూన్యం ఇంకొకటి మాకు కనబడలేదు.

మొన్న ఆగస్టులో నేనూ మా బావా కుస్కో వచ్చాం. ఆ ఊరే 3,400 మీటర్ల ఎత్తున ఉంది. మీ కోట మరో మూడువందల మీటర్లు పైన, ఊరి నెత్తి మీద. టాక్సీ ఎక్కుదామంటే బావ వినలేదు. "తిరుమల మెట్లెక్కినవాళ్ళం, ఇదెంత!" అన్నాడు. సగం దారికే ఆయనకి గోవిందా అనడానికి కూడా ఊపిరి చాల్లేదు. పొద్దున హోటల్లో తాగించిన కోకా ఆకుల టీ ఏ మూలకీ రాలేదు. "ఇంకా ఎంత దూరం?" అని ఆయన రొప్పుతూ అరిస్తే, ముందు నడుస్తున్న గైడు వెనక్కి తిరిగి "సీ, సీ (అవునవును), ఇంకా!" అంటూ రెండు చేతులూ చాచి కొండంతా చూపించాడు. మీ కోట పేరు మీద వాళ్ళు వేసే ఇంగ్లీషు జోకు మాత్రం ఇక్కడ రాయను. బావ మూడుసార్లు నవ్వాడు, చాలు.

పైకి వెళ్ళాక గోడ చూశాం. మూడు వరుసలుగా, రంపం పళ్ళలా మెలికలు తిరిగిన గోడ. ఒక్కో రాయి వంద టన్నులకు పైబడి కూడా ఉంది. కానీ రాళ్ళని చూసే తీరిక ఎవరికుంది? అందరూ వచ్చింది మీ కోసం. మైదానంలో ఐదారు గుంపులున్నాయి. స్పానిష్, ఇంగ్లీషు, ఫ్రెంచి, నాకు తెలియని మరొకటి. భాష ఏదైనా గైడు సైగ ఒక్కటే. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, లేని కాగితాన్ని పట్టుకుని, లేని మీలోకి దూర్చబోయి, అది దూరక, తల అడ్డంగా ఊపడం. గుంపంతా "ఓ" అంటుంది.

బావకి సైగతో తృప్తి కలగలేదు. అడ్డంగా కట్టిన తాడు మీంచి వంగి, జేబులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి, మీరుండాల్సిన చోట పెట్టి నెట్టాడు. ఈల మోగింది. కాపలా అమ్మాయి పరుగెత్తుకొచ్చి చెడామడా తిట్టింది. తిట్టడంలో తప్పేం లేదు. 2025 ఫిబ్రవరిలో ఒకడు తెల్లవారకముందే సుత్తి పట్టుకెళ్ళి, కింద ఊళ్ళో ఉన్న పన్నెండు మూలల రాయిని పెచ్చులూడగొట్టాడు. ఆ భాగోతం తర్వాత ఈలలు మోగక ఏం చేస్తాయి? బావ మాత్రం "చూశావా, దూరలేదు!" అని, ఆ గోడ తనే దగ్గరుండి కట్టించినంత సంబరపడ్డాడు. నాకూ కాస్త కుళ్ళు పుట్టిన మాట నిజం. మా ఫ్లాట్లో కిటికీ చట్రానికీ గోడకీ మధ్య డ్రైవింగ్ లైసెన్సేమిటి, రేషన్ కార్డు మడతపెట్టి మరీ దూర్చొచ్చు. అడిగితే మేస్త్రి "గాలాడాలి కద్సార్" అన్నాడు.

ఇక ఇక్కడే నా ఫిర్యాదు. కాగితం పట్టని మీలోంచి గ్రహాంతరవాసులు మాత్రం భేషుగ్గా దూరిపోయారు. మా గుంపులోనే ఒకాయన తేల్చేశాడు: ఇనుప ఉలి లేదు, బండి చక్రం లేదు, కాబట్టి ఆకాశం నుంచి ఎవరో వచ్చి కిరణాలతో కోశారు. ఆయనకి జవాబు మూరెడు దూరంలో, కంటికెదురుగానే ఉంది. రాయి ముఖం మీద చిన్న చిన్న గుంటలు. అప్పుడే కక్కు కొట్టించిన రుబ్బురోలు చూశారా? అచ్చం అలాగే. నడి ముఖంలో పెద్ద గుంటలు, అంచుల దగ్గరకొచ్చేసరికి సన్నవి. పెద్ద గుండ్రాయితో మొదలెట్టి, మీ దాపుకొచ్చేసరికి చిన్న గుండ్రాయి పట్టుకున్నారన్నమాట. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చెప్పిన ప్రొట్జెన్ అనే ఆయన 1980లలో ఏటి గుండ్రాళ్ళతో స్వయంగా కొట్టి చూశాడు. గుండు ఎత్తి వదలడం, ఎగిరితే పట్టుకుని మళ్ళీ వదలడం. ఇంతే సంగతి. రాయి దారికొచ్చింది. కింది రాయి నెత్తిన పీట చెక్కి, పై రాయి దింపి, పొడి ఎక్కడ నలిగిందో చూసి, ఎత్తి, అక్కడే మళ్ళీ కొట్టడం. వంద టన్నులదాన్ని అలా ఎన్నిసార్లు ఎత్తి దించగలరన్న దాని మీద పండితులు నేటికీ జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు. ఆ తగువులో కూడా కిరణాల ఊసు లేదు.

మీ గుట్టు కూడా ఒకటి తెలిసింది, ఏమనుకోకండి. ఇంకాల గోడల్లో అడ్డ అతుకులు లోపలిదాకా బిగువే. నిలువు అతుకులు మాత్రం చాలాచోట్ల ముఖం దగ్గర కాసిన్ని అంగుళాల వరకే. ఆ వెనక మట్టీ రాతిముక్కలూ కూరేశారు. అంటే మీరు లేనిది వాకిట్లోనే. పెరట్లో నిక్షేపంగా ఉన్నారు! పైన పటారం లోన లొటారం అందామనుకున్నాను గానీ నోరు రాలేదు. 1650లోనూ 1950లోనూ భూకంపాలొచ్చి కుస్కోలో చర్చిలు కూలితే, ఇంకాల గోడలు నిలబడ్డాయి. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదిలేయాలో ఎరిగిన మేస్త్రీలు వాళ్ళు.

అన్నట్టు, ఆ మేస్త్రీల దగ్గర కాగితమే లేదు. రంగు దారాలకి ముడులేసి లెక్కలు రాసుకున్న జాతి అది. కాగితం స్పెయిన్ వాళ్ళ వెంట వచ్చింది. మరి ఆ పరీక్ష పెట్టేదేమిటి, కాగితంతో? నాలుగు వేలమంది రాయి కొడితే, ఆరు వేలమంది తోలు తాళ్ళూ నార తాళ్ళూ కట్టి లాగారని, మొత్తం మీద ఇరవై వేలమంది పనిచేశారని 1550 ప్రాంతంలో కుస్కో వచ్చిన స్పెయిన్ చరిత్రకారుడు సియెసా దె లెయోన్ రాసిపెట్టాడు. వాళ్ళది మిత అనే వంతు పని. ఏడాదిలో కొన్నాళ్ళు ఊరి తరఫున రాజుకి చాకిరీ, తిండి రాజుది. మన వెట్టికి దూరపు చుట్టం అనుకోండి. ఆ ఇరవై వేలమందికి మా గైడు ఇచ్చింది అరనిమిషం. మీకు ఇరవై నిమిషాలు.

1536కి అదీ లేదు. ఆ ఏడాది ఇంకాల రాజు మాంకో ఇంకా సేన ఈ కోట పట్టుకుని కింద కుస్కోలో స్పెయిన్ వాళ్ళని ముట్టడించింది. స్పెయిన్ సేనాని హువాన్ పిజారో కోట మీదికొచ్చాడు. అంతకుముందే దవడకి దెబ్బ తగిలి శిరస్త్రాణం పెట్టుకోలేకపోయాడు. పైనుంచి వచ్చిన రాయి నేరుగా తలకి తగిలింది, ఆ దెబ్బతోనే పోయాడు. అయినా కోట పడింది. శవాల మీద కాండోర్ రాబందులు వాలాయి. 1540లో స్పెయిన్ రాజు కుస్కోకి ఇచ్చిన చిహ్నంలో కోట చుట్టూ ఆ రాబందుల్నే వేయించాడు. మీలో దూరని కాగితం మీద, చూడండి, ఎంత పట్టిందో!

తర్వాత కోట కాస్తా రాతి గని అయింది. ఇళ్ళకీ చర్చిలకీ రాళ్ళు మోసుకుపోయారు. "అంత బిగువుగా ఉన్నదాన్ని ఎలా పీకారు?" అన్నాడు బావ. సున్నం పెట్టలేదు కదా బావా, ఊడదీయడం తేలికేగా అన్నాను. మీరు లేకపోవడం వాళ్ళకీ కలిసొచ్చింది. పైన మూడు బురుజులుండేవి. ఒకదాని పునాది, ఒకదానిలో ఒకటి మూడు రాతి చక్రాలు, 1934లో తవ్వితే బయటపడింది. ఇవాళ మీకు అటూ ఇటూ నిలబడి ఫోటోలు దిగుతున్న పెద్దరాళ్ళు మోయలేక వదిలేసినవి.

బావ తిరుగుదారిలో ఏం మాట్లాడలేదు. ఊపిరాడక అనుకున్నాను. ఊరి నడిబొడ్డు కూడలి ప్లాసా దగ్గర కేథడ్రల్ ముందు ఆగి, గోడ రాళ్ళ వంక చాలాసేపు చూశాడు. "ఇవి అక్కడివేనా?" అన్నాడు. చేయి జేబు వైపు వెళ్ళింది. గుమ్మం దగ్గర కాపలా మనిషి కనిపించి మళ్ళీ బయటికొచ్చేసింది.

చివరిగా ఒక మనవి. పదహారు చోట్లకి కలిపి కొన్న టికెట్టు మా దగ్గరే ఉంది. మా కాగితాన్ని మీలో దూరనివ్వలేదు గానీ, గేటు దగ్గర మీ వాళ్ళు మిషను పెట్టి టక్కున దానికే బెజ్జం కొట్టి పంపారు.

ఇట్లు,
మీ దర్శనం కాని భక్తుడు

జత: బెజ్జం పడిన టికెట్టు ఒకటి. మూల చిట్లిన డ్రైవింగ్ లైసెన్సు ఒకటి (నకలు).