కొండెక్కిన తలనొప్పి

నాకు పార్శ్వపు నొప్పి ఉంది. ఎడమ కణత దగ్గర మొదలవుతుంది. వచ్చే ముందు కళ్లెదుట పెళ్లిపందిరి రంగుదీపాల్లా వంకరటింకర వెలుగులు మెరుస్తాయి. మందు పడకపోతే 4 గంటల్లో పోవచ్చు, 72 గంటలు ఉండనూవచ్చు అన్నారు డాక్టరు. వేళకు తినమన్నారు, నొప్పి మొదలవగానే మాత్ర వేసుకుని చీకటి గదిలో పడుకోమన్నారు. ఇంత తేలిక వైద్యాన్ని మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

అందరికన్నా ముందు నమ్మనివాడు మా బావమరిది. ఎక్కడో మూడు రోజులు ఆక్యుప్రెషర్ నేర్చుకుని, ఒక పటం చుట్టగా చుట్టి చంకన పెట్టుకుని వచ్చాడు. ఒంట్లో 361 బిందువులు ఉన్నాయట. 361 చోట్లా తనకు పని ఉందని వాడి చూపులోనే తెలిసింది.

"తల పట్టుకోవద్దు బావా, చెయ్యి ఇవ్వు."

బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరికి నొక్కితే వాటి మధ్య కండ చిన్న గుట్టలా లేస్తుంది. మన ఊళ్లో కొండారెడ్డి బురుజులా అక్కడ ఎత్తుగా కనిపించేదే ఆ బిందువు. దాని పేరు పెద్దపేగు నాలుగు. నొప్పి తలలో, నొక్కుడు చేతిలో, పేరు పేగుది! ముప్ఫై ఏళ్లు సర్కారు ఆఫీసులో ఫైళ్లు తిప్పినవాణ్ణి కనుక నాకు అందులో వింతేమీ కనబడలేదు. గర్భిణులు మాత్రం ఆ చోట నొక్కకూడదట. ఉన్న ఒక్క మినహాయింపూ నాకు పనికి రాలేదు.

నిజం చెప్పాలి, మొదటి రెండుసార్లు కాస్త హాయిగానే అనిపించింది. అదే కొంప ముంచింది.

మే నెలలో మా అక్క కొడుక్కి పెళ్లిచూపులు. పాతబస్తీలో పిల్లవాళ్లిల్లు. కారు తోలడానికి బావమరిది వచ్చాడు. వాళ్లు ఎలాగూ ఉగ్గాని, బజ్జీ పెడతారు కదా అని పొద్దున నేనేమీ తినలేదు. మాత్రలు ఇంకో చొక్కా జేబులో ఉండిపోయాయి. కర్నూలు ఎండ, ఖాళీ కడుపు, గదినిండా ఊదుబత్తుల పొగ. రంగుదీపాలు వెలిగాయి.

చెయ్యి నొక్కుకున్నాను. లాభం లేదు. పటం ప్రకారం తరవాతి మజిలీ పాదం, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నుంచి కాస్త పైకి. అక్కడ నొక్కుకుందామని వంగిన క్షణానే పిల్ల తమ్ముడు మంచినీళ్ల పళ్లెంతో ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "అయ్యయ్యో, పెద్దవారు, నా కాళ్లకు మీరు..." అంటూ వెనక్కి గెంతాడు. గ్లాసులన్నీ నా నెత్తిన పడ్డాయి. అక్క ముఖం చూసే ధైర్యం లేకపోయింది. వరుడి మేనమామ వచ్చీ రాగానే ఇంటర్ చదివే కుర్రాడి కాళ్ల మీద పడ్డాడంటే, వరుడిలో ఏదో పెద్ద లోపమే ఉందని ఎవరైనా అనుకోరూ?

బావమరిది ఆదుకోవడానికి పరుగున వచ్చాడు. వెనక నిలబడి, పుర్రె కింద మెడకు అటూ ఇటూ ఉన్న గుంటల్లో బొటనవేళ్లు రెండూ దించాడు. (వీటి పేరు పిత్తాశయం ఇరవై. ఫైలు మరో శాఖకు వెళ్లింది.) నా గొంతులోంచి వచ్చినదాన్ని అరుపు అనలేం, గర్జన. తడిసి ముఖాన పడ్డ జుట్టు, మూసిన కళ్లు, ఊగుతున్న తల.

"నరసింహస్వామి పూనాడు!" అని పిల్ల వాళ్ల అవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

మరుక్షణం పళ్లెం నిండా కర్పూరం వెలిగించి నా ముక్కు కింద పెట్టారు. పార్శ్వపు నొప్పికి వెలుగు పడదు, ఘాటు వాసన పడదు, చప్పుడు పడదు. మూడోదానికి లోటెందుకని గంట కూడా కొట్టారు. శుభకార్యంలో హారతి ఆర్పేయమనకూడదన్న ఇంగితం అంత నొప్పిలోనూ నాకు మిగిలి ఉంది.

"కొండెక్కించండి... ముందు కొండెక్కించండి" అని మూలిగాను.

"విన్నారా! ముందు పిల్లను కొండ ఎక్కించమంటున్నాడు స్వామి!"

సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. ఆ శనివారమే రెండు కుటుంబాలూ ఎగువ అహోబిలానికి బయలుదేరాం. స్వామిని కదా, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఈసారి రెండు జేబుల్లోనూ మాత్రలు వేసుకున్నాను. కారు తోలడానికి పెళ్లికొడుకు ముచ్చటపడ్డాడు కనుక బావమరిది నా వెనక సీట్లో కూర్చున్నాడు. ఆళ్లగడ్డ ఇంకా రానేలేదు, నా మెడ మీద రెండు బొటనవేళ్లు పడ్డాయి.

"ముందు జాగ్రత్తకు, బావా."